తరుగు

"ఏటి జడ్జమ్మా, కోర్టు లేచిందా, ఇంకా సాగతన్నాదా?"

కొట్టుకీ ఇంటికీ మధ్యనున్న గుమ్మంలో నిలబడి నగరేశ్వరరావు అడిగాడు. పెళ్ళాం జవాబు చెప్పాలని కాదు, కొట్టులో బేరానికొచ్చిన ఇద్దరూ విని నవ్వాలని. వాళ్ళు నవ్వారు కూడా. హైమ పెరటి వసారాలో గోనెపట్టా మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఒళ్ళో పళ్ళెం, కుడిపక్క పిక్కల చేట, ఎడమపక్క పండు గంప, మోకాలి దగ్గర ఫోను. సాలూరు వైపు నుంచి దిగిన కొత్త చింతపండు బస్తాలు నాలుగు గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని పిక్క తీసి, ఈనె తీసి, ముద్దలు కడితే తప్ప గజపతినగరంలో ఆ కొట్టు చింతపండుకి ఉన్న పేరు నిలబడదు. దీనికో మనిషిని పెట్టుకోవచ్చు. ఇంట్లో ఆడవాళ్ళు ఖాళీగా ఉండగా మనిషెందుకని నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో అందరి లెక్కా. ఆ ఖాళీగా ఉన్న ఇద్దరిలో రెండో ఆవిడ, హైమ అత్తగారు భాగ్యవతి, ఎదురుగా కూర్చుని చెవుల్లో తీగలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ పిక్కలు తీస్తోంది. చిన్నకొడుకు వెంకటసాయి విశాఖపట్నం నుంచి తెచ్చి ఇచ్చిన ఫోనులో ఆవిడ పొద్దస్తమానం స్తోత్రాలు వింటుంది.

"లేచింది" అంది హైమ, తలెత్తకుండా.

"మరైతే తరుగూ, నాలుగు టీలు పెట్టు. బేగి."

తరుగు అనేది కొట్టు మాట. బస్తా దించుకున్నాక పిక్క పోతుంది, ఈనె పోతుంది, దుమ్ము పోతుంది, నాలుగు ఎండలకి తడి పోతుంది. ఇలా తూకంలో తగ్గిపోయిందంతా కలిపి తరుగు. ఏ వర్తకుడికైనా ఆ మాట వింటే ఒళ్ళు మంట. హైమ మామగారు దాన్ని కొట్టులోంచి వంటింట్లోకి తీసుకొచ్చారు. పెళ్ళయిన ఏడాదిలోపే భార్యని "తరుగూ" అని పిలవడం మొదలుపెట్టారట. మూడేళ్ళ కిందట ఆయన పోయేదాకా భాగ్యవతికి ఆ గడపలోపల అదే పేరు. ఆయన పోయాక తక్కెడా, గల్లాపెట్టె తాళంచెవీ, ఈ పిలుపూ పెద్దకొడుక్కి సంక్రమించాయి. కన్నతల్లిని అనలేడు గనక పెళ్ళాన్ని అన్నాడు. మొదటిసారి అన్న రోజున హైమ అన్నం తినలేదు. "ముద్దుగా అన్నాను గానీ తిట్టానేటి? మా నాన్న అమ్మని అన్నేళ్ళు అన్లేదా? ఆవిడెప్పుడైనా నీలాగ మూతి ముడిసిందా?" అన్నాడు నగరేశ్వరరావు. భాగ్యవతి అక్కడే ఉండి కూడా అవుననలేదు, కాదనలేదు. నిజానికి హైమని ఆ మాట భాగ్యవతి కూడా ఒకసారి అంది. అది పదిహేడేళ్ళ కిందటి సంగతి. హైమ దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు, మరిచిపోనూ లేదు.

హైమ టీలు పెట్టడానికి లేచింది. "కాళ్ళు తిమ్మిరెక్కాయమ్మా" అంటూ భాగ్యవతి కూడా లేచి, ఫోను చేత్తో పట్టుకుని పెరట్లోకి నడిచింది.

కోర్టు అని నగరేశ్వరరావు ఎగతాళి చేసేది 'మాటల మూట'ని. శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం నోళ్ళలో ఉండి పుస్తకాలకెక్కని మాటల్ని ఒకచోట పోగేద్దామని కొందరు ఔత్సాహికులు నెట్‌లో పెట్టుకున్న గుంపు అది. ఎవరైనా మాట పంపొచ్చు. మాటా, దాని అర్థం, విన్నది విన్నట్టు ఒక వాక్యం, కుదిరితే అన్నవాళ్ళ గొంతు. మూడువేల పైచిలుకు సభ్యులు. వాళ్ళకి ముగ్గురు నిర్వాహకులు. ఒకరు హైమ, ఇంకొకరు కొత్తవలసలో బడి పంతులమ్మ యమున, మూడో ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరైన హరిబాబు గారు, ఈమధ్య కంటి ఆపరేషనై విశ్రాంతిలో ఉన్నారు. హైమ చదివిన తెలుగు ఎమ్మే చింతపండు పిక్కలకి పనికిరాలేదు గానీ, ఇక్కడ పనికొచ్చింది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఆ పనిలో ఉంటుంది. త్వరగా అనడానికి 'బేగి' అంటే అది తెలుగే కాదని ఒకడు, నీదే తెలుగు కాదని ఇంకొకడు కొట్టుకుంటే విడదీయాలి. రేవు జనం మాటలు మోటుగా ఉన్నాయన్నవాడికి నచ్చజెప్పాలి. యమునని ఫొటో పంపమని అడిగినవాడి నోరు కట్టాలి. "జీతం లేదు, బత్తెం లేదు, ఊళ్ళోవాళ్ళ తగువులన్నీ నీకే కావాల" అంటాడు నగరేశ్వరరావు. జీతం బత్తెం లేని పని ఒకటి ఉంటుందని ఆయనకి ఫోను చూస్తేనే గుర్తొస్తుంది, చింతపండు చూస్తే రాదు. హైమకి నవ్వొచ్చేది. బయటికి నవ్వేది కాదు.

ఆ గుంపుకి నియమాలు రాసింది హైమే. మొదటి తప్పుకి హెచ్చరిక. రెండో తప్పుకి ఏడు రోజులు ఏమీ రాయకుండా నోరు కట్టడం. మూడో తప్పుకి తీసేయడం, అదీ ఇద్దరు నిర్వాహకులు సరేనంటేనే. తీసేసిన మనిషి పదిహేను రోజుల్లోగా విన్నపం పెట్టుకోవచ్చు. ఆరో నియమం ఇలా ఉంటుంది: 'శిక్ష వేసినవారు ఆ విన్నపాన్ని విచారించరాదు.' ఇదెక్కడ పట్టావమ్మా, లాయరు చదివావా అని యమున అప్పట్లో మెచ్చుకుంది. లాయరు చదువక్కర్లేదు. పెళ్ళయిన నాలుగో ఏట పుట్టింటితో ఎక్కువ మాట్లాడుతోందని మామగారు హైమ ఫోను తీసుకుని పదిహేను రోజులు గల్లాపెట్టెలో పడేశారు. మొగుడితో చెప్పుకుంటే "నాన్నే కదా తీసుకున్నారు, నాన్ననే అడుగు" అన్నాడు. అడిగితే ఆయన ఇంకో పదిహేను రోజులు పొడిగించారు. ఆరో నియమం ఆ నెల రోజుల్లో పుట్టింది.

కూర్మయ్య అనే పేరుతో రెండు నెలల కిందట ఒకరు చేరారు. బొమ్మ లేదు, ఊరు రాయలేదు. మొదట పంపిన మాట: 'గంజిమొగంది. అర్థం కూర కుదరనప్పుడు అనేది. వాడుక ఏటే గంజిమొగందానా ఇది కూరా కుడితా.' ఆడవాళ్ళని కించపరిచే మాటలు పంపవద్దని హైమ హెచ్చరిక పెట్టింది. నెల తిరిగాక ఇంకోటి వచ్చింది: 'దిక్కుమాలింది. వాడుక దిక్కుమాలినదానా నా ఇంట్లోంచి ఎల్లిపాయ.' దాని కింద యాభైమంది పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. ఇంట్లోంచి వెల్లుల్లి పోతే మరి ఉల్లిపాయ ఎక్కడికి పోయిందని ఒకడు అడిగాడు. ఆడదాన్ని ఇంట్లోంచి గెంటడం ఈ మహానుభావుడికి పరాచికంగా ఉందని హైమకి తిక్కరేగింది. ఏడు రోజులు నోరు కట్టేసింది.

టీలు కొట్టులో ఇచ్చి, గ్లాసులు కడిగి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చి ఫోను చూసుకుంటే అందులో కూర్మయ్య మూడో మాట ఉంది.

'తరుగు. అర్థం ఇంట్లో ఆడమనిషి. వాడుక తరుగూ నాలుగు టీలు పెట్టు బేగి.'

హైమ అక్కడే చతికిలబడింది. తరుగు అనే మాట లోకమంతా ఉంది. ఆడమనిషిని పట్టుకుని తరుగూ అని పిలిచే ఇల్లు మాత్రం ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. పైగా నాలుగు టీలు, పైగా బేగి. ఆ మాట మొగుడి నోటినుంచి వచ్చి పావుగంట కాలేదు. గుమ్మంలోంచి చూస్తే నగరేశ్వరరావు తక్కెడ పక్కన ఫోను పట్టుకుని, టీ చప్పరిస్తూ, దేనికో నవ్వుకుంటున్నాడు. ఇంట్లో అన్నది చాల్లేదు, కొట్టులో పదిమంది ముందు అన్నదీ చాల్లేదు, ఇప్పుడు మూడువేలమంది ముందు కూడా అనాలి. అదీ తనకని పెట్టుకున్న ఒక్క చోటులోకి దొంగపేరుతో దూరి. హైమకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. యమునని అడగాలన్న సంగతి గుర్తుంది. గుర్తుండే అడగలేదు. అడిగితే 'ఈ మాటలో అంత తప్పేముంది?' అంటుంది యమున. అప్పుడు నన్ను ఇంట్లో ఇలా పిలుస్తారమ్మా అని చెప్పాలి. హైమ ఒక్కతే కూర్మయ్యని తీసేసింది. మాటని కూడా చెరిపేసింది.

ఆ రోజు నుంచి ఆమె మొగుణ్ణి దొంగని కాపు కాసినట్టు కాసింది. ఇదివరకు ఫోను వెల్లకిలా పెట్టేవాడు, ఇప్పుడు బోర్లా పెడుతున్నాడా? లేక మొదటినుంచీ బోర్లానే పెట్టేవాడా, తనే చూడలేదా? నిన్న కొట్టు కట్టేసి వచ్చి "మీ గుంపులో ఏటి ఇసేసాలు?" అని అడిగాడు. నాలుగేళ్ళలో ఎప్పుడూ అడగనివాడు ఇప్పుడెందుకు అడిగినట్టు? తీసేసినందుకు ఉడుక్కుంటున్నాడా, ఏమీ ఎరగనట్టు నటిస్తున్నాడా? అతను స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను తీసింది. గీత గీస్తే తెరుచుకుంది. బెల్లం ధరల గుంపు, క్రికెట్టు, వినాయకుడి బొమ్మలు, వైశ్య సంఘం వనభోజనాల ఫొటోలు. మాటల మూట లేదు, కూర్మయ్య లేడు. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం తగ్గాలి కదా. రెట్టింపైంది. చెరిపేశాడు, చెరపడం కూడా నేర్చుకున్నాడు అనుకుంది. నీళ్ళగది తలుపు చప్పుడు వినగానే ఫోను మీద తన వేలి మరకల్ని పమిటతో తుడిచి పెట్టేసింది. పదిహేడేళ్ళ పైన కాపురం చేసిన మొగుడి ఫోను ఇలా తుడవాల్సి వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు భోజనాల దగ్గర వల వేసింది.

"కూర్మయ్య అని మనవాళ్ళలో ఎవరైనా ఉన్నారాండీ?"

అడిగి, కళ్ళార్పకుండా మొగుడి మొహం చూసింది. అతను పప్పుచారు కలుపుకుంటూ, "బొబ్బిలి రోడ్డులో బెల్లం కూర్మయ్య ఉండేవాడు. పోయి పదేళ్ళయింది. ఏం?" అన్నాడు. కనుబొమ్మ కూడా కదల్లేదు. అటుపక్క భాగ్యవతి చేతిలోంచి గరిటె జారి పప్పుచారు విస్తరి పక్కన ఒలికింది. "ఏటమ్మా, సెయ్యి నిలవటం లేదా, సూసి వెయ్యి" అని కసిరాడు కొడుకు. హైమ గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తున్నంతసేపూ చూపు అతని మొహం మీదే ఉంది. బెల్లం కూర్మయ్యని ఎంత తడుముకోకుండా చెప్పాడో, ముందే జవాబు తయారు చేసి పెట్టుకున్నాడనుకుంది.

అయిదో రోజున యమున ఫోన్ చేసింది.

"హైమా, కూర్మయ్య విన్నపం పెట్టాడు. నువ్వొక్కదానివే తీసేసావేటి? నన్నొక మాట అడగలేదు. మాట కూడా చెరిపేసావు."

"కోపమొచ్చింది."

"కోపాలు నాకూ వస్తాయి. నువ్వు తీసావు కాబట్టి నేను సూడాలి. నువ్వెందుకు తీసావో నాకు రాసి పంపు. నీ రూలే కదమ్మా, నీకు నేను సెప్పాలా? అతగాడి విన్నపం పంపుతున్నాను, సదువుకో."

ఏమని రాయాలి? ఉన్నది ఉన్నట్టు రాస్తే, మూడువేలమందికి తీర్పులు చెప్పే హైమని ఇంట్లో ఏమని పిలుస్తారో యమునకి తెలిసిపోతుంది, రేపు హరిబాబు గారికీ తెలుస్తుంది. అబద్ధం రాస్తే నాలుగేళ్ళుగా ఆమె కట్టుకొచ్చిన కట్టడి ఆమె చేత్తోనే కూలిపోతుంది. రెంటిలో ఏది జరిగినా కూర్మయ్య తిరిగొచ్చి, తక్కెడ పక్కన కూర్చుని టీ చప్పరిస్తాడు. విన్నపం తెరిచింది.

'అమ్మా మీకు దండాలు నేను పెద్దగా చదువుకోలేదు తప్పులుంటే మన్నించండి బూతులు రాశానని నన్ను తీసేశారు నేను ఎవరినీ తిట్టలేదు మీరు చిన్నప్పటినుంచి విన్న మాటలు పంపమన్నారు నేను ఎక్కువ విన్నవి ఇవే తల్లీ ఇవి నేను తిట్టిన తిట్లు కావు నేను తిన్న తిట్లు ఎల్లిపాయ అని రాశానని అందరూ నవ్వారు నేను అన్నది ఎల్లిపాయ కాదు ఎల్లిపాయ ఇంకా చాలా ఉన్నాయి ఒకటొకటే పిక్క తీసినట్టు తీసి పెట్టుకున్నాను నేను పోతే ఇవి ఎవరికీ తెలియవు అనలేదనేస్తారు అందుకని రాశాను దయచేసి చూడండి'

మొదటిసారి చదివినప్పుడు పళ్ళు కొరుక్కుంది. తిన్నాడట తిట్లు, ఈయన. ఎల్లిపాయ కాదట ఎల్లిపాయట, ఇప్పుడు కూడా వేళాకోళమే. రెండోసారి చదివింది. మూడోసారి చదువుతుంటే పిక్క తీసినట్టు అన్న దగ్గర ఆగిపోయింది. నగరేశ్వరరావు పుట్టి బుద్ధెరిగాక చింతపండు తూచాడు, కట్టాడు, అమ్మాడు. పిక్క మాత్రం ఒక్కటీ తీయలేదు. ఎండిన పండు గట్టిగా లాగితే తెగిపోతుందనీ, చీలిక పక్కన బొటనవేలితో నొక్కితే పిక్క దానంతటదే బయటికొస్తుందనీ అతనికి తెలియదు. అలాంటివాడు ఆ మాట ఎక్కణ్ణుంచి తెస్తాడు? పైగా, తెలుగులో 'నేను' అనే మాటకి మగా ఆడా లేదు. కూర్మయ్య అనే పేరు చూసి ఇన్నాళ్ళూ ఆ 'నేను'కి తనే మీసాలు పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళగది గోడ అవతల బట్టలుతికే బండ మీద ఎవరో చిన్నగా మాట్లాడుతున్నారు.

"ఎల్లిపో."

కాసేపటికి అదే గొంతు.

"కాదే, నీ ఇల్లు బంగారంగాను. ఎల్లి... పో." మళ్ళీ కాసేపటికి, "ఓలమ్మ, మల్లీ ఎల్లిపాయే రాసింది."

హైమకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది. భాగ్యవతి బండ మీద కాళ్ళు ముడుచుకుని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. కోడల్ని చూసి ఫోను దాచబోయి, మానేసింది.

"వెళ్ళిపో అనండత్తయ్యా. అప్పుడు సరిగ్గా రాస్తుంది" అంది హైమ.

"మీ మావ వెళ్ళిపో అన్లేదే. ఎల్లిపో అన్నాడు. విన్నది విన్నట్టు రాయమని కదా మీ గుంపు కట్టడి."

హైమ ఆరిన బట్టలన్నీ తీసి ఒళ్ళో వేసుకుని ఆ బండ చివర కూర్చుంది. "మీరు స్తోత్రాలు వింటున్నారనుకున్నాను."

"మొదట్లో అవే. తరవాత ఫోనుకి సెప్తే అదే రాస్తాదని ఎంకటసాయి సూపించాడు. అయిదో తరగతితో నా సదువు ఆపేసారు గానీ, నోరు ఆగలేదు కదా." భాగ్యవతి ఫోను వైపే చూస్తూ చెప్పింది. "పిక్కలు తీసినప్పుడు నువ్వే అడిగేదానివి, దీన్ని మీ పలాసలో ఏటంటారు, దాన్నేటంటారు అని. నీ మొగుడు నవ్వీసరికి మానేసావు. అడక్కపోతే మాటలు పోతాయేటి?"

"తీసేసింది నేనని తెలుసా?"

"తెలుసు."

"మరి నన్నే అడగొచ్చు కదా."

"నీకెందుకు పెట్టుకుంటాను? తీసినోళ్ళు ఇనకూడదు, వేరేవోళ్ళు ఇనాలని ఆ కొత్తవలస పంతులమ్మకి నువ్వు ఫోన్లో సెప్తుంటే ఇన్నాను. ఈ ఇంట్లో అలాంటి మాట నలభై ఏళ్ళలో ఇన్లేదు. నిన్ను నమ్మి రాయలేదమ్మా. నీ రూలు నమ్మి రాసాను."

ఆ మాట హైమకి చెంపదెబ్బలాగే తగిలింది. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు.

"కూర్మయ్య ఎవరు?"

"మా నాన్న." భాగ్యవతి మొదటిసారి నవ్వింది. "నీ మొగుడికి తాత పేరు గుర్తులేదు, బెల్లం కూర్మయ్య గుర్తున్నాడు. పలాస తాత పలాస తాత అనుకుంటూ పేరే మింగేసారు. ఆడమనిషి పేరున తిట్లు రాస్తే సిగ్గులేందంటారు. మగోడి పేరున రాస్తే సదువుకున్నోడంటారని పెట్టాను. నువ్వేమో మగోడని తీసేసావు."

హైమ చాలాసేపు ఒళ్ళోని బట్టలు మడతపెట్టింది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"ఆ మాట మీరూ అన్నారు నన్ను. నాకు మొదటి కడుపు పోయి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు. పక్కింటావిడతో, మా ఇంటికి ఇంకో తరుగు వచ్చిందన్నారు. నేను గదిలో పడుకుని విన్నాను."

భాగ్యవతి 'నేననలేదు' అనలేదు. ఫోనులో ఏదో వెతికి హైమకి అందించింది. పంపకుండా దాచిపెట్టుకున్న మాట ఒకటి అందులో ఉంది.

'ఇంకో తరుగు. అర్థం కడుపు పోయిన కోడలు. అన్నది అత్త. అన్నది నేనే.'

"ఇది పంపలేదు" అంది భాగ్యవతి. "మిగతావి నేను తిన్నవి. ఇది తిట్టింది. మీ రూల్లో కుదురుతాదో కుదరదో తెలీక ఆపాను."

హైమ దాన్ని చదివి తిరిగి ఇచ్చేసింది. క్షమించానని అనలేదు, ఆ క్షణాన క్షమించలేదు కూడా. పదిహేడేళ్ళు లోపల కుక్కుకున్నది ఒక్క మధ్యాహ్నానికి కరగదు. కానీ అన్నవాళ్ళు అన్నామని ఒప్పుకోవడం ఆ ఇంట్లో ఆమె చూడ్డం అదే మొదలు. "కుదురుతుంది. పంపండి" అని లేచింది.

యమునకి సంజాయిషీ రాయడానికి నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చెరిపేసింది. అయిదోసారి చెరపలేదు. 'కూర్మయ్య పంపిన మూడో మాట మా ఇంట్లో నన్ను పిలిచే మాట. నాకంటే ముందు మా అత్తగారిని పిలిచేవారు. నా సొంత కోపంతో, ఎవరినీ అడక్కుండా, విన్నది విన్నట్టు రాసిన మనిషిని తీసేశాను. తప్పు నాది. కూర్మయ్య ఎవరో ఇప్పుడు నాకు తెలుసు గనక ఈ విన్నపం మీద ఇంకేమీ చెప్పను.' పంపించి, ఫోను చింతపండు గంపలో పడేసి, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. సిగ్గుతో చచ్చిపోతాననుకుంది. కళ్ళు తెరిచేసరికి ఆకలేస్తోంది.

మర్నాడు పొద్దున్న యమున తీర్పు వచ్చింది. కూర్మయ్యని తిరిగి చేర్చుకోవాలి. చెరిపిన మాటని తిరిగి పెట్టాలి. నిర్వాహకురాలు హైమకి మొదటి హెచ్చరిక. తిట్టే మాటకీ తిన్న మాటకీ తేడా తెలిసేలా, ఎవరు ఎవరిని అన్నారో రాయడానికి కొత్త గడి ఒకటి పెట్టాలి. చివర్లో ఇంకొక వాక్యం ఉంది: 'తరుగు అనే పిలుపు మరెక్కడా వినలేదు గనక, అన్నవారి గొంతు జతచేస్తేనే ఈ మాటను శాశ్వతంగా ఉంచగలం.' ఆ కింద, తీర్పులో లేని మాట విడిగా రాసింది యమున. 'నాకూ ఒక పేరున్నాదిలే మా ఇంట్లో. కొత్త గడి పెట్టు, పంపుతాను.'

హైమ దాన్ని అత్తగారికి చదివి వినిపించింది. భాగ్యవతి అంతా విని, "గొంతు కావాలన్నమాట" అంది.

మధ్యాహ్నం ఇద్దరూ వసారాలో ఎదురెదురుగా కూర్చున్నారు. నాలుగు బస్తాల్లో ఒకటిన్నర అయింది. భాగ్యవతి చెవుల్లో తీగలు లేవు. ఫోను ఇద్దరి మధ్యా పిక్కల చేట అంచుకి ఆనించి ఉంది. కొట్టులో ఎవరో వచ్చినట్టున్నారు, మాటలు వినిపిస్తున్నాయి. ఎవరు ముందు విన్నారో గానీ, ఇద్దరి చేతులూ ఒక్కసారే ఆగాయి.

"తరుగూ, నాలుగు టీలు పెట్టు."

భాగ్యవతి ఫోను అందుకుంది. జిగురు వేళ్ళతో నొక్కింది, అది కదల్లేదు, చీరకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. "ఓలమ్మ, టీలు ఒక్కటే పడ్డాది. అసలు మాట పడలేదు."

అలవాటుకొద్దీ లేవబోయిన హైమ మళ్ళీ కూర్చుంది. అత్తగారి చేతిలోంచి ఫోను తీసుకుంది. రికార్డవుతున్నట్టు ఎర్ర చుక్క వెలుగుతోందో లేదో చూసుకుని, చెయ్యి గుమ్మం వైపు చాపింది. కొట్టులోవాళ్ళు నవ్వడానికి తయారుగా ఉంటారని ఆమెకి తెలుసు. వాళ్ళకి కూడా వినిపించేంత గట్టిగా అంది.

"ఏమండీ, నన్ను పిలిచిన మాట మరొక్కసారి అనండి. మీ గొంతు సరిగ్గా పడలేదు."